ఉత్తేజక మాదకద్రవ్యాలు - తరగతి గదిలో చెప్పవలసిన పాఠం

ప్రతి సంవత్సరం జూన్ 26వ తేదీన మన విద్యాసంస్థలలో ఒకే దృశ్యం కనబడుతుంది. విద్యార్థులు వరుసలలో నిలిచి, కుడిచేయి ముందుకు చాచి, మాదకద్రవ్యాల జోలికి పోబోమని ప్రతిజ్ఞ చేస్తారు. ఒక ఊరేగింపు, ఒక ఉపన్యాసం, ఒక ఛాయాచిత్రం. అంతటితో సరి. 1987 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఈ దినాన్ని నిర్ణయించినది సదుద్దేశంతోనే. దానిని తృణీకరించడం నా అభిమతం కాదు. కాని తక్కిన 364 దినాలలో ఈ విషయమై తరగతి గదిలో ఒక్క మాటయినా వినబడుతున్నదా? ఉత్తేజక మాదకద్రవ్యాల ప్రమాదాన్ని బోధించవలసినది వేదిక మీద కాదు, రసాయనశాస్త్ర, జీవశాస్త్ర తరగతులలో. బోధించవలసినవారు ఒక పూట వచ్చి పోయే అతిథులు కాదు, మన అధ్యాపకులే. ఈ అభిప్రాయానికి ముఖ్య కారణం మన కౌకూరు ఉన్న చోటులోనే ఉన్నది.

మన చుట్టూ ఉన్నది మందుల దేశం. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగరు సమీపాన సంశ్లేషిత ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పినది. అక్కడ పని నేర్చిన రసాయనశాస్త్రజ్ఞులే తరువాతి కాలంలో జీడిమెట్ల మొదలైన పారిశ్రామికవాడలకు ప్రాణం పోశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన అంజిరెడ్డిగారు కూడా ఐ.డి.పి.ఎల్.లో పనిచేసినవారే. మనకు దగ్గరలో షామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. కరోనా కాలంలో కోవాక్సిన్ టీకా అక్కడి నుండే వెలువడినది. మన బి.ఎస్‌సి. పట్టభద్రులకు ఉద్యోగమంటే తరచుగా ఈ కర్మాగారాలలో ఉద్యోగమే. ఇది మనకు గర్వకారణమే.

ఇక రెండవ పార్శ్వం చూడండి. 2025 సెప్టెంబరు నెలలోనే మన పొరుగున రెండు సంగతులు బయటపడినవి. మహారాష్ట్రలోని మీరా-భాయందర్ పోలీసులు చర్లపల్లి పారిశ్రామికవాడకు వచ్చి, ఒక రసాయన కర్మాగారంపై దాడి జరిపి, అక్కడ మెఫెడ్రోన్ అనే ఉత్తేజక ద్రవ్యం తయారవుతున్నదని ప్రకటించారు. అదే నెలలో తెలంగాణ ఈగిల్ దళం పాత బోయినపల్లిలో ఒక పాఠశాల భవనంలోనే అల్‌ప్రజోలం తయారీ జరుగుతున్నదని బయటపెట్టినది. అల్వాల్, తిరుమలగిరి దాటితే బోయినపల్లి. మన విద్యార్థులు రోజూ బస్సులో వెళ్ళే దారి. అల్‌ప్రజోలం ఉత్తేజకం కాదు, మత్తు కలిగించేది. కల్లులో కలపడానికి పోతుంది. ఫలితం వేరైనా పద్ధతి ఒక్కటే: గాజు పాత్రలు, ద్రావణులు, వాటిని నడపడం తెలిసిన ఒక మనిషి. పిల్లలు పాఠాలు వల్లెవేసే భవనంలోనే ఆ పని సాగినదని చదివినప్పుడు, విద్యాసంస్థలతో సంబంధమున్నవారెవరికైనా మనసు చివుక్కుమనక మానదు.

మాదకద్రవ్యాల ప్రమాదం అనగానే మనం వాడేవానిని మాత్రమే తలచుకుంటాము. మన పరిసరాలలో దానితో సమానమైన ప్రమాదం మరొకటి ఉన్నది. చదువు ముగిసి ఉద్యోగం దొరకని రసాయనశాస్త్ర పట్టభద్రుని వద్దకు ఎవరో వస్తారు. చిన్న షెడ్డు, రాత్రి పని, రెట్టింపు జీతం; తయారయ్యే పదార్థం పేరు మాత్రం చెప్పరు. ‘నాకేమీ తెలియదు, చెప్పిన పని చేశాను’ అని తరువాత అంటే చెల్లుతుందా? 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం 35వ సెక్షన్ ప్రకారం నేరబుద్ధి ఉన్నదనే న్యాయస్థానం మొదట భావించాలి. లేదని నిరూపించుకొనే భారం నిందితునిదే. మెఫెడ్రోన్ గాని, మెథాంఫెటమిన్ గాని 50 గ్రాములకు మించి ఉంటే అది చట్టం లెక్కలో ‘వాణిజ్య పరిమాణం’. దానికి కనీస శిక్ష 10 సంవత్సరాల కఠిన కారాగారం, గరిష్ఠంగా 20 సంవత్సరాలు. లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. 37వ సెక్షన్ వలన జామీను దొరకడం బహు కష్టం. 50 గ్రాములంటే ఎంత? ఒక గుప్పెడు. పైగా ఎఫిడ్రిన్ వంటి ముడిపదార్థాలను చట్టవిరుద్ధంగా తరలించడం కూడా వేరే నేరం. పట్టా చేతికి ఇచ్చేటప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పి పంపడం రసాయనశాస్త్ర శాఖ బాధ్యత కాదా?

ఈ ద్రవ్యాల చరిత్ర కూడా పాఠంలో భాగం కావాలి. 1885లో జపానుకు చెందిన నగాయి ఒక మూలిక నుండి ఎఫిడ్రిన్‌ను వేరుచేశాడు. 1887లో రుమేనియా శాస్త్రజ్ఞుడు ఎడెలియాను ఆంఫెటమిన్‌ను, 1893లో నగాయి మెథాంఫెటమిన్‌ను తయారుచేశారు. వీరెవరూ దుర్మార్గులు కారు. అమెరికాలో 1930ల చివర మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ప్రయోగాలకై విద్యార్థులకు ఆంఫెటమిన్ ఇచ్చారు. నిద్ర రాకపోవడం గమనించిన విద్యార్థులు పరీక్షల ముందు రాత్రులలో దానిని స్వయంగా వాడసాగారు. గమనించండి, ఈ బిళ్ళను తొలినాళ్ళలోనే దుర్వినియోగం చేసినవారిలో పరీక్షలకు భయపడిన విద్యార్థులున్నారు! జపానులో యుద్ధకాలంలో సైనికులకు, కర్మాగార శ్రామికులకు ‘ఫిలోపాన్’ పేరిట మెథాంఫెటమిన్ ఇచ్చారు. యుద్ధం ముగిసిన తరువాత మిగిలిన నిల్వలు అంగళ్ళకు చేరినవి. దేశమంతా వ్యసనం ప్రబలినది. 1951లో కఠిన చట్టం చేయవలసి వచ్చినది.

కావున విద్యార్థులకు అబద్ధం చెప్పరాదు. ‘ఒక్కసారి తాకితే చస్తావు’ అని బెదిరిస్తే, తాకి చావని స్నేహితుణ్ణి చూసిన మరుక్షణం వాడు మన మాటలన్నింటినీ కొట్టివేస్తాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఈ ద్రవ్యం తొలుత మెలకువను, ఉత్సాహాన్ని ఇస్తుంది. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరించి, అది తిరిగి లోపలికి పోకుండా అడ్డుపడడం వలన ఆ ఉత్సాహం కలుగుతుంది. అది రేపటి నుండి తెచ్చుకొన్న అప్పు. మందు దిగిన తరువాత నీరసం, దిగులు, చిరాకు. మునుపటి ఉత్సాహానికి మునుపటి మోతాదు చాలదు. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఎం.డి.ఎం.ఏ. వంటివి దేహోష్ణాన్ని ప్రాణాంతకంగా పెంచగలవు. రాత్రుల తరబడి నిద్ర లేనివానికి లేనిపోని అనుమానాలు, వినబడని మాటలు వినబడడం మొదలవుతాయి. పైగా నిద్రలోనే చదివినది మనసులో నాటుకొంటుంది గనుక, నిద్ర మానుకొని చదివిన చదువు పరీక్ష హాలులో అక్కరకు రాదు. ఈ కుటుంబానికే చెందిన మిథైల్ ఫెనిడేట్‌ను వైద్యులు ఏకాగ్రతా లోపమున్నవారికి కొలిచి ఇస్తారన్నది కూడా నిజమే. ఆ మోతాదు వేరు, ఆ పర్యవేక్షణ వేరు. స్నేహితుని జేబులోని పొడిలో ఏమి కలిసినదో అమ్మినవానికే తెలియదు.

మన విద్యార్థులలో కొందరి నోట మరొక వాదన వినబడుతుంది: ‘సారాయి హరామ్, సరే, ఇది నషా కాదు కదా, మెలకువే కదా’ అని. ఇది కొత్త ప్రశ్న కాదు. 1511లో మక్కా నగరంలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీనే నిషేధించాడు. ఆ నిషేధం నిలువలేదు. కాఫీ బుద్ధిని చెరచదని తేలినది. యెమన్‌లో నమిలే ఖాత్ ఆకును గురించి 16వ శతాబ్దంలో మక్కాలోని ఇబ్న్ హజర్ హైతమీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించి, దాని విషయంలో జాగ్రత్త చెప్పాడు. ఆ పండితులు పదార్థం పేరు చూసి ఊరుకోలేదు. అది బుద్ధికి, దేహానికి ఏమి చేస్తున్నదని విచారించారు. ఖాత్ ఆకులోని సారం కాథినోన్. చర్లపల్లిలో తయారైనదని పోలీసులు చెప్పిన మెఫెడ్రోన్ ఆ కాథినోన్ వంశంలోనిదే. 2015 ఫిబ్రవరిలో మన దేశంలో దానిని చట్టం పరిధిలోకి తెచ్చారు. దీనియాత్ బోధించే మౌల్వీ సాహెబు, రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకుడు ఒకే గంటలో, ఒకే నల్లబల్ల ముందు నిలిచి ఈ పాఠం చెప్పగలరు. ఇది మన వంటి కళాశాలకే సాధ్యమైన పని.

బెదిరింపుతో, ఆర్భాటంతో చెప్పిన పాఠం ఏమవుతుందో లోకం చూచినది. 1983లో లాస్ ఏంజెల్స్‌లో పోలీసులు పాఠశాలలకు వెళ్ళి బోధించే ‘డేర్’ పథకం మొదలై అమెరికా అంతటా వ్యాపించినది. 2003లో ఆ దేశ ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థ, అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, ఆ బోధన పొందిన పిల్లలకు, పొందనివారికి మధ్య మాదకద్రవ్యాల వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చినది. మన నగరంలో 2017 జూలైలో ఎక్సైజ్ శాఖ ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఏ. కేసును బయటపెట్టినప్పుడు, కొన్నవారిలో పాఠశాలల, కళాశాలల విద్యార్థులు కూడా ఉన్నారని అధికారులు ప్రకటించారు. పత్రికలు మాత్రం నెలల తరబడి సినీతారల వెంట పరుగెత్తినవి. ఆ పిల్లల మాట మరుగునపడినది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. చెడు అలవాటులో పడిన విద్యార్థి తనంతట తాను వచ్చి చెప్పుకొంటే మనం ఏమి చేస్తాము? నేటి ఆచారం ప్రకారం టి.సి. చేతికిచ్చి పంపివేస్తాము. ఆ భయంతో వాడు చెప్పడు. ఇంటి పరువు పోతుందని తల్లిదండ్రులు చెప్పరు. చట్టమే మనకంటె దయగా ఉన్నది. అదే ఎన్.డి.పి.ఎస్. చట్టం 64-ఏ సెక్షన్ ప్రకారం, వాడకం గాని, స్వల్ప పరిమాణం గాని విషయంలో ఆరోపణకు గురైన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేక గుర్తింపు పొందిన వైద్యాలయంలో చికిత్సకు చేరి పూర్తిచేస్తే అతనిపై విచారణ ఉండదు. ఎర్రగడ్డ మానసిక వైద్యాలయంలో చికిత్స లభిస్తుంది. 14446 నంబరుకు ఫోను చేస్తే సలహా దొరుకుతుంది. అమ్మకాల సమాచారం తెలపడానికి ఈగిల్ దళం నంబరు 1908. ఈ రెండు నంబర్లను మన ప్రకటన ఫలకంపై ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అమ్మేవానికి కళాశాలలో చోటు లేదనే నియమం అట్లే ఉండనిండు. తనంతట తాను చెప్పుకొని చికిత్సకు పోయిన విద్యార్థికి మాత్రం సీటు పోదని, హాజరు తగ్గినా పరీక్షకు కూర్చోనిచ్చేందుకు కళాశాల తన వంతు సిఫారసు చేస్తుందని రాబోయే సమావేశంలో ఒక తీర్మానం చేయవలసినదిగా కోరుతున్నాను. ఆ తీర్మానం ప్రతిని ప్రవేశ దరఖాస్తుతో పాటే తల్లిదండ్రుల చేతికి అందజేయాలి.