కదిలే బొమ్మలు – కానరాని గ్రంథాలు

మన చక్రాయపేట మండలంలో పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని బయటపడే తావున గండి క్షేత్రం ఉన్నది. అక్కడి ఐతిహ్యం ఈ ప్రాంతపు హిందువులకే కాదు, మా వంటి ముస్లిం కుటుంబాల పిల్లలకు కూడ చిన్ననాటి నుంచి తెలిసినదే. శ్రీరాముడు బాణపు మొనతో కొండరాతి మీద ఆంజనేయుని రూపురేఖలు గీశాడనీ, చిటికెనవేలు ఒక్కటి పూర్తికాకుండ మిగిలిందనీ పెద్దలు చెబుతారు. విశ్వాసం విశ్వాసులది, దానిమీద తీర్పు చెప్పడం నా పని కాదు. సాహిత్యం చదువుకున్నవాడిగా నన్ను ఆకర్షించిన విషయం ఒక్కటే. ఆ కథను అల్లిన జానపదుడు బొమ్మ గొప్పతనాన్ని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. గీసినవాడెవరో, దేనితో గీశాడో, గీత ఎక్కడ ఆగిపోయిందో కూడ చెప్పాడు. బొమ్మతోపాటు బొమ్మ పుట్టిన తీరును కూడ భద్రపరచాడు. ఆ జానపదునికి ఉన్న ఈ వివేకం చదువుకున్న మనకు కొరవడినదేమో అన్న సందేహమే ఈ వ్యాసానికి మూలం.

సందేహం నాకు ఊరకే కలుగలేదు. గత సంవత్సరం ఒకనాడు తరగతిలో ప్రబంధ పాఠం చెబుతూ ఉండగా, వెనుక వరుసలోని ఒక విద్యార్థి తల వంచుకొని నోటుపుస్తకం అంచులను వేలితో సర్రున జార్చడం చూశాను. కోపంతో వెళ్ళి పుస్తకం లాక్కున్నాను. ప్రతి పుట మూలలోనూ ఒక చిన్న మేక. పుటలను వేగంగా జారవిడిస్తే ఆ మేక పరుగెత్తి వచ్చి ముళ్ళకంచె మీదుగా దూకుతున్నది! నా కోపం ఎటుపోయిందో తెలియదు. "ఎవరు నేర్పారయ్యా?" అన్నాను. "ఎవరూ నేర్పల్యా సార్. దూకేటప్పుడు మేక నడుము యాడ వంగాల్నో తెలీడంల్యా. కట్టె మాదిరి పోతాంది. దీనికేమన్నా పుస్తకం ఉంటాదా సార్?" అని అడిగాడు. పదేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ ప్రశ్నకు సమాధానం తెలియలేదు. మన గ్రంథాలయంలో వెదికాను, దొరకలేదు. ఆ తరువాత తెలిసినవారిని అడిగి, పట్టణాలలో ఉన్న మిత్రుల ద్వారా తెప్పించుకొని చదివి తెలుసుకున్నదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

అటువంటి పుస్తకాలు ఉన్నాయి. అవి ఒకటి రెండు కాదు, ఒక ప్రత్యేక శాఖగా పెరిగిన వాఙ్మయం. వాల్ట్ డిస్నీ సంస్థలో దశాబ్దాల పాటు బొమ్మలు గీసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు మిత్రులు 1981లో ఒక బృహద్గ్రంథం ప్రకటించారు. గీతకు ప్రాణం పోయడానికి తామూ తమ సహచరులూ అనుభవం మీద కనుగొన్న 12 సూత్రాలను అందులో వివరించారు. వాటిలో మొట్టమొదటిది మన విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబే. ప్రాణమున్న శరీరం కదిలేటప్పుడు అణగుతుంది, సాగుతుంది. కాని దాని మొత్తం పరిమాణం మారదు. దీనికి వారు చూపిన ఉదాహరణ సగం నింపిన పిండిసంచి. కింద పడవేస్తే చదునుగా పరచుకొంటుంది, మూతి పట్టి ఎత్తితే పొడవుగా సాగుతుంది, లోపలి పిండి మాత్రం అంతే. పిండిసంచిని ఎరుగని ఇల్లు మన పల్లెల్లో ఉన్నదా? ఇంటిలో ఉన్న సంచిలోనే శాస్త్రం ఉన్నది. దానిని చూపించే గ్రంథం మాత్రమే మన చేతికి అందలేదు.

అంతకు పూర్వమే, 1887లో, మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు మనుషులూ జంతువులూ కదిలే తీరును క్షణక్షణం ఫొటోలుగా తీసి 781 ఫలకాలు ప్రచురించాడు. నేటికీ యానిమేషన్ కళాకారులకు అవి పాఠ్యగ్రంథం వంటివి. 1995లో కంప్యూటరు మీద తయారైన తొలి పూర్తి నిడివి చిత్రం 'టాయ్ స్టోరీ' విడుదలైనప్పుడు, దానితోపాటే దాని నిర్మాణ కళను వివరించే సచిత్ర గ్రంథం కూడ వెలువడింది. జపానులో జిబ్లీ సంస్థవారు తమ చిత్రాలకు ముందుగా గీసుకున్న స్టోరీబోర్డులను సంపుటాలుగా ముద్రించారు. అక్కడి బడిపిల్లవాడు చిత్రం చూసి ఆనందించి ఊరుకోడు. ఆ సంపుటం తెరచి, దర్శకుని పెన్సిలు ఎక్కడ తడబడిందో, ఏ గీతను కొట్టివేసి మరొకటి గీసిందో కూడ చూస్తాడు.

ఈ గ్రంథాల విలువను గ్రహించాలంటే ఆ శ్రమను లెక్కించి చూడాలి. తెర మీద ఒక్క సెకనుకు 24 చిత్రాలు సాగిపోవాలి. ఒక్కొక్క బొమ్మను రెండేసి మార్లు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు గీయాలి. గంటన్నర చిత్రానికి అవి దాదాపు 65 వేలవుతాయి. ఇది కదిలే ఒక్క పాత్రకు మాత్రమే వేసిన లెక్క. ఇవి తుదిబొమ్మలు. వీటి వెనుక చింపివేసినవి ఎన్నో! ప్రేక్షకుడు చూసేది గెలిచిన గీతను. నిర్మాణ గ్రంథం చూపేది ఓడిన గీతలను. నేర్చుకొనేవానికి గెలిచిన గీత ఆనందాన్నిస్తుంది. ఓడిన గీత విద్యనిస్తుంది.

సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త మాట కాదు. ఎం.ఏ.లో మేము తాళపత్రాల పాఠాంతరాలను పక్కపక్కన పెట్టుకొని, కవి ఏమి వ్రాశాడో, లేఖకుడు ఏమి మార్చాడో తేల్చుకొనేవారము. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను కూర్చుండబెట్టి ప్రతులను సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించిన చరిత్ర మన జిల్లాకు గర్వకారణం. పద్యానికి పాఠాంతరం ఎంత అవసరమో బొమ్మకు చిత్తుగీత అంత అవసరం. మొదటిదానిని విద్య అని గౌరవించి, రెండవదానిని పిల్లచేష్ట అని పుస్తకం లాక్కోవడం న్యాయమా? లాక్కున్నవాడిని నేనే కనుక ఈ ప్రశ్న ముందుగా నాకే వేసుకుంటున్నాను.

ఉర్దూ విభాగపు విద్యార్థులకు మరొక సంగతి మనవి చేస్తాను. అమీర్ హంజా దాస్తాన్ పేరు మీరు వినే ఉంటారు. అక్బరు చక్రవర్తి కాలంలో, సుమారు 1562 నుంచి 1577 వరకు, ఆ కథకు దాదాపు 1400 చిత్రాలు పెద్ద పెద్ద వస్త్రఫలకాల మీద వేయించారు. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ సయ్యద్ అలీ, ఖ్వాజా అబ్దుస్సమద్ ఆ పనిని పర్యవేక్షించారు. ఫలకానికి ఒకవైపు బొమ్మ, వెనుకవైపు కథ. సభకు బొమ్మ చూపుతూ, వెనుక ఉన్న కథ చదువుతూ, ఒక్కొక్క ఫలకం మార్చుకుంటూ పోతే ఎలా ఉండేదో ఊహించండి. తెర, వెలుగు లేవన్న మాటే గాని అది చలనచిత్రానికి ఎంత దూరం? ఇంకా ముఖ్యమైన విశేషం ఆ కాలపు 'అక్బర్‌నామా' చిత్రాలలో ఉన్నది. వాటి అంచున, ఈ బొమ్మకు 'తర్హ్' ఫలానావానిది, 'అమల్' ఫలానావానిది అని వ్రాసిపెట్టారు. 'తర్హ్' అంటే రూపకల్పన, 'అమల్' అంటే రంగులు నింపిన పని. కొన్నింట ముఖాలు దిద్దినవాని పేరు కూడ వేరుగా ఉన్నది. నేడు యానిమేషన్ శాలలో ముఖ్యమైన భంగిమలు ఒకరు గీయడం, నడుమ బొమ్మలు మరొకరు పూరించడం, రంగులు ఇంకొకరు వేయడం కూడ ఇటువంటి శ్రమ విభజనే. నాలుగు శతాబ్దాల క్రిందటి దర్బారు గుమాస్తా పనివాని పేరు దాచిపెట్టకుండ అంచున వ్రాశాడు. ఆ ఒక్క పంక్తి లేకపోతే ఆ చిత్రకారులెవరో నేడు ఎవరికి తెలిసేది?

ఇక మన ముంగిటికి వద్దాము. పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డి, ఇరువురూ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందినవారు. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో 'చందమామ' ప్రారంభించారు. ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ వంటి చిత్రకారులు ఆ పుటలలో రెండు మూడు తరాల పిల్లల కన్నులకు కథ చూడడం నేర్పారు. భేతాళుని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుని చూసి, ఆయన మరుసటి అడుగు ఎక్కడ పడుతుందో మనసులో గీసుకోని పిల్లవాడు ఉన్నాడా? నాగిరెడ్డి, చక్రపాణి కలిసి నిర్మించిన 'మాయాబజార్' 1957లో వచ్చింది. దాని దర్శకుడు కె.వి. రెడ్డి మన పొరుగునున్న తాడిపత్రివాడు. దాని కళాశాఖలో చిత్రకారుడు మాధవపెద్ది గోఖలే, కళాధర్ పనిచేశారు. బాపు తన చిత్రాలకు ప్రతి దృశ్యాన్నీ ముందుగానే కాగితం మీద బొమ్మల వరుసగా గీసుకొనేవారన్నది సుప్రసిద్ధం. ఇప్పుడు హైదరాబాదులో యానిమేషన్ ఒక పరిశ్రమ. 2001లో అక్కడ స్థాపితమైన గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించిన 'ఛోటా భీమ్' 2008 నుంచి దేశమంతటి పిల్లలకు ఇంటిచుట్టమైనాడు. ఇంత సంపద ఉన్న జాతి పిల్లవాడు "దీనికేమన్నా పుస్తకం ఉంటాదా?" అని అడిగితే, తెలుగు ఉపన్యాసకుడు తెలుగు పుస్తకం చూపలేక పరభాషా గ్రంథాల వైపు పరుగెత్తవలసి రావడం బాధాకరం.

అన్నింటికన్న నన్ను కలతపెట్టేది తోలుబొమ్మల సంగతి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో ఆ కళను నమ్ముకొన్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, రోమం తీసి, వెలుగు దూరేటంత పలుచన చేసి, రేఖ గీసి, చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టి, రంగులు పూసి, భుజం, మోచేయి వంటి కీళ్ళ దగ్గర దారంతో కట్టి, వెదురుబద్దకు బిగించి తెర వెనుక ఆడిస్తారు. జర్మనీకి చెందిన లోటె రైనిగర్ అనే కళాకారిణి సరిగా ఈ పద్ధతికి చుట్టమైన పద్ధతినే పట్టుకొన్నది. అట్టలు కత్తిరించి, కీళ్ళకు తీగలు కట్టి, కింద నుంచి వెలుగు వచ్చే గాజుబల్ల మీద పరచి, కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక్కొక్క చిత్రం తీసింది. అలా మూడేళ్ళు కష్టించి అరేబియన్ నైట్స్ కథలతో 1926లో పూర్తిచేసిన 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు', నేటికి నిలిచి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో అన్నింటికన్న పాతది. 1970లో ఆమె నీడబొమ్మలాటలను గురించీ నీడబొమ్మల చిత్రాలను గురించీ, కత్తెర ఎలా పట్టాలన్న దగ్గర నుంచి, ఒక గ్రంథం వ్రాసిపెట్టింది. ఆమె పోయినా ఆమె చేయి పోలేదు. మన పల్లె కళాకారుని చేతిలోని విద్య ఆయన మనుమడు పట్నానికి కూలికి పోయిన నాడు ఏమవుతుంది?

కొన్ని ఆక్షేపణలు వస్తాయని ఎరుగుదును. ఇటువంటి పుస్తకాలు ఖరీదైనవి, పరీక్షలకు పనికిరావు అని పెద్దలు అనవచ్చు. నిజమే; అందుకే బీరువా నిండా అడగడం లేదు. మన సమాజంలో ప్రాణుల బొమ్మలు గీయడం తగునా అని సంశయించే పెద్దలూ ఉన్నారు. ఆ ధర్మనిర్ణయం ఉలమాలది. వారి మాట నాకు శిరోధార్యం. సంశయమున్న విద్యార్థి లతలు, లిపి, యంత్రాలు, మేఘాలు, నీళ్ళు కదిలించి నేర్చుకోవచ్చు. చలనసూత్రం వాటికీ ఒక్కటే. ఇక నేటి యువకులు చెప్పే మూడవ మాట ఉన్నది: "ఒక వాక్యం చెబితే యంత్రమే బొమ్మ వేసి కదిలిస్తున్నది, ఇంత కష్టమెందుకు సార్?" నాయనలారా, యంత్రం వేసి ఇచ్చిన మేక నడుము తప్పుగా వంగితే అది తప్పని చెప్పవలసినది ఎవరు? ఒప్పు ఏదో ఎరిగినవాడే కదా! యంత్రం పెరిగిన కొద్దీ ఆ ఎరుక అవసరం పెరుగుతుందే గాని తరగదు.

కనుక మాన్యులైన కళాశాల కార్యవర్గ సభ్యులకు నేను వినయంగా విన్నవించేది మూడు కోరికలు. ఒకటి: ఈ సంవత్సరపు గ్రంథాలయ నిధిలో నుంచి యానిమేషన్ నిర్మాణకళకు సంబంధించిన ప్రామాణిక గ్రంథాలు రెండయినా కొనాలి, వాటిని తాళం వేసి దాచక పఠనమందిరంలో బల్ల మీద ఉంచాలి. రెండు: ఏటా జరిగే విహారయాత్రలో ఒకరోజు నిమ్మలకుంటకు కేటాయించాలి. విద్యార్థులు అక్కడ ఫొటోలు దిగి రావడం కాక, కళాకారుల అనుమతితో, తగిన పారితోషికమిచ్చి, తోలు నానబెట్టడం మొదలుకొని తెర వెనుక ఆట వరకు ప్రతి దశనూ వారి మాటలలోనే వ్రాసుకొని, గీసుకొని రావాలి. అక్బర్‌నామా అంచున వలె, పని ఎవరిదో వారి పేరు తప్పక వ్రాయాలి. మూడు: ఆ వ్రాతలను వచ్చే సంచికలో తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రచురించాలి. మన సంచికకు రెండు లిపులున్నవి. అది కుడి నుంచీ ఎడమ నుంచీ కూడ తెరుచుకొనే పుస్తకం; ఆ రెండు తలుపులూ ఈ విద్యకు తెరచి ఉంచుదాము. భాషాంతరీకరణలో ఉర్దూ విభాగపు సహోపాధ్యాయులు తోడ్పడితే తెలుగు భాగం బాధ్యత నేను వహిస్తాను.

విద్యార్థులారా, ఆ నోటుపుస్తకం నేను మరునాడే తిరిగి ఇచ్చివేశాను. పిండిసంచి సంగతి తెలిసిన తరువాత ఆ అబ్బాయిని పిలిచి చెప్పాను. వారం దినాలకు మరొక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈసారి మేక దూకే ముందు నడుము కుదించింది, గాలిలో సాగింది, నేల తాకి అణగి లేచింది. వెనుక కాలు ఒకటి ఇంకా కుదరలేదు. "అదొకటి మిగిలిపాయ సార్" అన్నాడు సిగ్గుపడుతూ. గండి కొండ మీద మిగిలిన చిటికెనవేలు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. మిగిలిపోయినది అవమానం కాదు. ఎక్కడ మిగిలిందో వ్రాసి ఉంచకపోవడమే అవమానం. ఆ కాలు కుదిరే దారి చూపే పుస్తకం వచ్చే ఏటికి మన బల్ల మీద ఉంటుందని, ఇన్షా అల్లాహ్, ఆశిస్తున్నాను.