తొలగుట, తొలగించుట

మన తెలుగున జంటక్రియలు కొన్ని కలవు. చెరుగు, చెరుపు, మాయు, మాపు, అణగు, అణచు, తొలగు, తొలగించు. జంటలో మొదటిది తనంతట తాను జరుగునట్లు తోచును, రెండవదానికి చేయువాడొకడుండును. పలకమీది అక్షరము చెరిగినదని బాలుడు చెప్పును. అక్షరము తనంతట తానే చెరుగునా? తడిగుడ్డయో, మోచేయియో, ప్రక్కవాని అరచేయియో తగిలి యుండవలెను. 'చెరిగినది' అన్నంతనే ఆ చేయి మరుగున పడును. తరగతిలో అకర్మకము, సకర్మకము అని చెప్పి పాఠము ముగింతుము గాని, ఈ భేదమున లోకవ్యవహారము చాల ఇమిడియున్నదని మా అభిప్రాయము.

వీనిలో 'తొలగు' అను మాటను కొంచెము విచారింతము. మబ్బు తొలగును, పీడ తొలగును, సందేహము తొలగును, ఇవియన్నియు శుభవార్తలే. మనుష్యుని విషయమున మాత్రము ఈ మాటకు రెండు మొగములు. పెద్దలు వచ్చినపుడు ప్రక్కకు తొలగి చోటిచ్చుట మర్యాద. 'తొలగుము' అని బాటమీద కేకవేసినచో అది ఆజ్ఞ. కొన్ని కులములవారు తరతరములుగ ఈ కేక విని బాట విడిచినవారే. 1950 జనవరి 26 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. అయినను కేక ఆగిన పిమ్మట సైతము కాలికి అలవాటు మిగులును. ఎవరును చెప్పకమునుపే వెనుక వరుసకు పోయి కూర్చుండు బాలుని చూచి 'ఎంత అణకువ!' అని మనమే మెచ్చుకొందుము. అణకువయు, అణచివేతయు ఒక్క కొమ్మకు పుట్టిన మాటలు సుమా!

తొలగుటలో మరియొక విధము కలదు. 1921 నవంబరులో హైదరాబాదున, వివేకవర్ధినీ నాటకశాలలో, ధోండో కేశవ కార్వేగారి అధ్యక్షతను నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషలలో ప్రసంగములు సాఫీగ సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినంతనే సభలో ఎగతాళి చెలరేగెను. అచటి తెలుగువారు సభనుండి వైదొలగిరి. ఆ రాత్రియే కూడుకొని ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. అదియే పెరిగి ఆంధ్ర మహాసభ యయ్యెను. 1930లో జోగిపేటలోను, 1941లో మన హుజూర్‌నగరమునకు చేరువనున్న చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను సమావేశమయ్యెను. ఆనాడు వేదికమీద తెలుగు చెరిపివేయబడుచుండగా, వారు తొలగిపోయి దానిని నిలిపిరి. వెనుక వరుసలోని బాలుని తొలగుటకును, దీనికిని పోలికయే లేదు; మాట మాత్రమొకటే.

మరి వినయముతో తొలగుట యెట్టిది? పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో వాడిన గ్రీకు క్రియకు ఖాళీచేయుట అని అర్థము. మన తెలుగు అనువాదకులు 'రిక్తుడు' అను సంస్కృతపదము నెన్నుకొనిరి. నిండియున్న పాత్రనే గదా రిక్తము చేయుట! ఎన్నడును నింపబడని కుండను చూపి 'చూడుడు, దీని త్యాగము' అనుట పరిహాసమగును. తొలగుటకు ముందు ఉండుట యొకటి కావలెను. మన ఊరిపేరులోని 'హుజూరు', బడిపట్టీలోని 'హాజరు' ఒకే అరబ్బీ ధాతువునుండి వచ్చినవి. ఎదుట నుండుట, సన్నిధి అని మూలార్థము. నవాబుల దినములలో హుజూరనగా ప్రభువుల సన్నిధి. మా దృష్టిలో అయిదవ వరుసలోని కూలివాని కుమార్తెయు హుజూరే.

ఇంత వ్యాకరణమెందుకని తలిదండ్రులు విసుగుకొందురేమో! సంక్రాంతి దాటి మిరపకోతలు ముదురునప్పటికి మా హాజరుపట్టీలో ఖాళీగడులు పెరుగును. కొన్నాళ్లకు ఆ ఖాళీలలో కొన్ని శాశ్వతమగును. అడిగినచో 'పిల్ల తానే మానుకొన్నదండీ' అందురు. మేమును బదిలీ పత్రమున 'బడి విడుచుటకు కారణము' అను గడిలో 'స్వయముగా మానెను' అని వ్రాయుట సులువు. కోతలకు ఒక చేయి కావలసివచ్చినది. లేక తమ్ముని ఎత్తుకొనుటకు. లేక పదునెనిమిదేండ్లు నిండకమునుపే సంబంధము కుదిరినది. మానినది పిల్లయా?

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 16వ విభాగము ప్రకారము ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ బిడ్డను బడినుండి వెడలగొట్టరాదు. 2019లో ఆ విభాగము సవరింపబడి, పరీక్ష తప్పినవారిని అదే తరగతిలో నిలుపుటకు వీలు కలిగినను, వెడలగొట్టరాదను మాట చెక్కుచెదరలేదు. తొమ్మిది, పది తరగతులవారికి ఆ పాటి రక్షణయు లేదు. మేము పేర్లు కొట్టివేయుట ఎక్కువగ అచ్చటనే. ఎర్రసిరాతో ఒక గీత గీయుటకు రెండు క్షణములు చాలును.

'మాను' అను క్రియకును జంట కలదు: 'మాన్పించు.' ఆ గడిలో 'మాన్పించిరి' అని వ్రాయుటకు ఏ నియమమును అడ్డురాదు. అట్లు వ్రాసినచో కర్త ఎవరని పై అధికారి యడుగును. వ్రాయునప్పుడే మనకు మనమడుగుకొందుము. తెలియనిచో ఆ ఇంటికి పోయి విచారించి వచ్చిన పిమ్మట వ్రాయవచ్చును. మఠంపల్లికిని, మేళ్లచెరువునకును బస్సు కలదు.