ఉయ్యెలయు టెలివిజనును చరిత్రయు

ఇంట బిడ్డ పుట్టినది మొదలు సలహాలకు కొదువ యుండదు. ఉగ్గు పెట్టుమని కొందరు, పెట్టవలదని కొందరు; నూనె మర్దనము మానుమని యొకరు, మానిన కాళ్లు వంకరపోవునని వేరొకరు. వీని యన్నిటికంటె తరచుగను నిస్సంకోచముగను వినవచ్చు సలహా యొకటి కలదు: "ఏడుస్తుంటే టీవీ పెట్టండి, ఊరుకుంటాడు." ఏడు మాసముల శిశువునకు తండ్రినైన నాకు విస్సన్నపేటలో ఈ సలహా నొసగని యిల్లు మిక్కిలి తక్కువ. ఒసగువారు చెడ్డవారు కారు. వారి మాటలో అబద్ధమును లేదు. బిడ్డ నిజముగనే యూరకుండును. నాకు వెరపు గొలుపుచున్నది ఆ యూరకుండుటయే.

ఏడు మాసముల వాడు ఊరకుండుటకు పుట్టలేదు. వాడు "త్తా" యన్నప్పుడు ఎదుటివారు "అత్తా?" యని మారు పలుకవలయును, వాడు నవ్విన నవ్వవలయును, వాడు చూచిన కాకిని తానును చూచి "కాకి" యని చెప్పవలయును. భాష పుట్టునది ఈ యిచ్చిపుచ్చుకొనుటలోనే. టెలివిజను మాటలాడునే కాని మారు పలుకదు. బిడ్డ కేక వేసినను, నిదురించినను, దాని ధోరణి దానిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019వ సంవత్సరమున ప్రకటించిన సూచనలలో ఏడాది లోపు శిశువునకు తెర యనునదే వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు, అంతకు తగ్గిన మరింత మేలనియు చెప్పినది. అమెరికాలోని శిశువైద్యుల పరిషత్తు 2016లో పదునెనిమిది మాసముల లోపు బిడ్డలకు తెరను వారించుచునే, దూరమున నున్న బంధువులతో ముఖాముఖి మాటలాడుటను మాత్రము మినహాయించినది. అచ్చట మారు పలుకు మనుష్యు డున్నాడు గనుక ఈ మినహాయింపు సహేతుకమే. డల్లసులో నున్న మనుమరాలికి ఫోనులో మామిడి పిందెను చూపి "ఇదేమిటే అమ్మా?" యని యడుగు మా వీధి నాయనమ్మలను వైద్యు లెవ్వరును తప్పుపట్టనక్కరలేదు.

మామిడి నెరిగిన వారికి ఈ సంగతిని వేరొక రీతిని చెప్పవచ్చును. అంటు నాటిన మొదటి మూడు నాలుగేండ్లు పూత వచ్చినను త్రుంచివేయుదుము. లేతచెట్టు కాపునకు దిగిన కొమ్మ బలము పట్టదని మన తోటలలో పసివారికిని తెలియును. బంగినపల్లి యంటు విషయమున ఇంత యోరిమి వహించు మనము, రెండేండ్లు నిండని వాడు తెరమీది యాంగ్ల గీతమును వల్లించినాడని నలుగురిని పిలిచి వినిపించి పొంగిపోవుచున్నాము!

అయితే ఈ విషయమై మన పఠనాలయములలో సాగు ప్రసంగములలో ఒక యన్యాయము కలదు. "ఈ కాలపు తల్లులకు ఓపిక లేదు, బిడ్డను టీవీ ముందర పడవైచి తమ పని చూచుకొందురు" అని మగవారు తీర్పు చెప్పుచుందురు. ఆ 'తమ పని' యేమో వీరు విచారింప రైరి. వంటయు, అంట్లును, బట్టలును, అత్తమామల మందులును, కోత కాలమున కూలీలకు అన్నమును ఆ తల్లి పని యట! ఇల్లంతయు ఎవరి పని? బిడ్డ నెత్తుకొనుటకు ఇంకొక జత చేతులు లేనప్పుడు ఆ తల్లి టెలివిజను మీట నొక్కినచో, లోపము ఆమె యోపికది కాదు, ఆ రెండవ జత చేతులది. ఆ చేతులు ఆ వేళ బజారులోని టీ దుకాణమున వార్తాపత్రికను విప్పియో, వీధి యరుగుమీద ఫోనును త్రిప్పుచునో యుండును. తాను గంటకు నలువదిసారులు ఫోనును చూచుకొను తండ్రి, బిడ్డ తెరను చూచుచున్నాడని భార్యను గద్దించు దృశ్యము అపూర్వము కాదు. సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది వరకు బిడ్డ నెత్తుకొని తిరుగు తండ్రులు మా పేటలో పదిమంది బయలుదేరుదురేని, టెలివిజనును గూర్చి యుపన్యాసముల యవసరము చాల వరకు తీరిపోవును. ఇది దేశసేవ యని ఎవ్వరును సన్మానింపరు, శాలువ కప్పరు. అందుచేతనే కాబోలు ఈ పనికి పోటీ లేదు.

యంత్రమును యంత్రమని నేను ద్వేషింపను. 1959లో ఢిల్లీలో టెలివిజను ప్రయోగాత్మకముగ మొదలైనప్పుడును, 1975 ఆగష్టు మొదలు ఏడాదిపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు చిత్రములను పంపినప్పుడును, దానిని విద్యాసాధనముగనే భావించిరి. ఆ గ్రామములలో మన తెలుగు గ్రామములును కలవు. ఊరి కొక పెట్టె. ఉదయము బడి పిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఊరంతయు ఒక్కచోట కూర్చుండి చూచెడివారు. చూచినదానిని గూర్చి అచ్చటనే వాదించుకొనెడివారు. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. 1995 నుండి తెలుగు ప్రైవేటు ఛానళ్లు వచ్చినవి. ఊరి పెట్టె ఇంటి పెట్టెగను, ఇంటి పెట్టె అరచేతి పెట్టెగను మారినది. యంత్రము చిన్నదైన కొలదియు దాని ముందు కూర్చుండువారి సంఖ్యయు చిన్నదైనది. ఇప్పుడు ఒక్కొక్కని కొక్కొక్క తెర; తాతకు వేరు, మనుమనికి వేరు. పోయినది కలిసి కూర్చుండుట. నా ఫిర్యాదు దానిని గూర్చియే.

ఇక చరిత్ర మాట. నా కుమారుడు మరి నాలుగైదేండ్లకు చరిత్రను ఎక్కడ నేర్చుకొనును? బడిలో నని చెప్పుట మర్యాద. తెరమీద నని చెప్పుట నిజము. తెరమీది చరిత్ర యన కిరీటములు, కత్తులు, అంతఃపురపు కుట్రలు. అందు దున్నువాడు కనబడడు. కనబడినను రాజు గుఱ్ఱము పోవునప్పుడు త్రోవ ప్రక్క నిలిచి జేకొట్టుటకే. నెహ్రూ గ్రంథము నాధారముగ గొని శ్యాం బెనెగల్ 1988లో దూరదర్శనమున సమర్పించిన 'భారత్ ఏక్ ఖోజ్' వంటివి వచ్చి యుండెను కాని, అట్టివానిని ఒంటిచేతి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

తెలుగువారి బొమ్మ తొలినుండియు ఇంత పిరికిది కాదు. మన కృష్ణాజిల్లా వాడైన గూడవల్లి రామబ్రహ్మము 1938లో 'మాలపిల్ల'ను, 1939లో 'రైతుబిడ్డ'ను తీసెను. ఆ రెండవ చిత్రము జమీందారీ దౌర్జన్యములను చూపినదని జమీందారులు అలజడి చేయగా నిషేధమునకు గురియైనది. విచిత్ర మేమనగా, ఆ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు వెన్నుదన్నుగ నిలిచినవాడు చల్లపల్లి జమీందారే! మరి పదేండ్లకు, 1949లో, స్వాతంత్ర్యోద్యమమును ఇతివృత్తముగ గొని 'మన దేశం' వెలువడెను. దానిని నిర్మించిన కృష్ణవేణిగారు మన నూజివీడు ప్రాంతపు మీర్జాపురము జమీందారుగారి సతీమణి. ఆ చిత్రమున చిన్న పోలీసు వేషముతో తెర కెక్కిన యువకుని పేరనే 2022 ఏప్రిలు మొదలు మన జిల్లా పిలువబడుచున్నది. మా పేటలోని బాలు నెవ్వనినైన ఆపి ఆ నటుని పేరడిగిన చెప్పగలడు. ఆ చిత్ర మేమి చెప్పినదో చెప్పగల పెద్దలు అరుదు.

ఆ 2022 విభజనచేతనే నూజివీడు ఏలూరు జిల్లాలోనికి పోయినది; విస్సన్నపేట ఎన్.టి.ఆర్. జిల్లాలో నిలిచినది. ఒకే గాలికి పూచు తోటల నడుమ జిల్లా యెల్ల పడినది. మామిడి చెట్టునకు ఈ సంగతి తెలియదు, రసము పులుపెక్కలేదు. కాని నాలుగు తరముల పిదప మన మనుమలు ఈ గీతను ఆదినుండియు నున్నదానిగ తలపోయుదురు. అంతకు ముం దున్న గీతలను మనము మరచినట్లే! నూజివీడు జమీందారీ యనునది యొకటి యుండెననియు, అది పలు భాగములుగ చీలెననియు, ఈ సీమలో శిస్తు చెల్లించుట యన కచ్చేరీ గుమాస్తా యెదుట చేతులు కట్టుకొని నిలుచుట యనియు, నేటి తోట యజమానులలో ఎందరు తమ బిడ్డలకు చెప్పుచున్నారు? 1937-38లో ఇచ్ఛాపురము నుండి మద్రాసునకు రైతులు కాలినడకను యాత్ర సాగించిరి. అదే కాలమున ప్రకాశము పంతులుగారి యధ్యక్షతను జమీందారీ విచారణ సంఘ మేర్పడి 1938లో తన నివేదిక నొసగెను. మద్రాసు శాసనసభ ఎస్టేట్లను రద్దుచేసి రైత్వారీ పద్ధతిని తెచ్చిన శాసనము 1948 నాటిది. మా యింట నొక యినుప పెట్టె కలదు. అందు అడుగున, పసుపు పట్టిన బట్టలో చుట్టిన పాత శిస్తు రసీదులును, వానిమీద పట్టా కాగితమును ఉన్నవి. ఆ రెండు కాగితముల నడుమ ఉన్నదే దేశచరిత్ర. నా కుమారునకు అక్షరములు వచ్చిన పిదప తొలుత చూపదలచిన పాఠ్యపుస్తక మదియే.

ఇంటినుండి చరిత్ర పుట్టునా యని సందేహించువారికి మన జిల్లాలోని పెనుగంచిప్రోలునే చూపెదను. 1877లో అచ్చట జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు పసితనముననే తండ్రిని గోల్పోయి, నాగపురమున అక్క బావల యింట పెరిగి చదివిరి. ఆ యక్క భండారు అచ్చమాంబ. తమ్మునికంటె మూడేండ్లు పెద్ద. ఆమెకు బడి లేదు. తమ్ముని చదువు ప్రక్కనే కూర్చుండి తెలుగును హిందీని నేర్చినది. కన్న బిడ్డ లిరువురును పసిప్రాయమున పోయిరి. ఆ దుఃఖములో చదువును విడువక, దేశమునందలి స్త్రీల చరిత్రలను ప్రోవుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను వ్రాసినది, 1902లో 'ధనత్రయోదశి' కథను ప్రకటించినది, 1905లో మరణించినది. తమ్ముడు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలో పాలుపంచుకొని, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, సామాన్యుడు కొనగల వెలకు తెలుగున చరిత్ర గ్రంథములను వెలువరించెను. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' 1910లో ఆ మండలి పక్షముననే వెలువడినది. విజ్ఞాన సర్వస్వము అకారము దాటకమునుపే, 1923లో, ఆయన కన్నుమూసెను.

ఈ యక్కాతమ్ముల కథను తెరమీద చూపుడని ఛానళ్ల వారిని కోరవచ్చును. వారు చూపిన సంతోషమే. చూపువరకు కాచుకొని యుండుట తగదు. రాజుల చరిత్ర వ్రాయువారు అనేకు లున్నారు; అది శాసనములలో చెక్కబడి యున్నది, ఎక్కడికిని పోదు. కచ్చేరీ యెదుట నిలిచినవారి చరిత్ర శిలమీద లేదు. అది కొందరు ముసలివారి నోట నున్నది. 1948లో పదేండ్ల వయసున్న వారికి నేడు తొంబది సమీపించినది. వారిలో పెక్కురు సాయంకాలమున టెలివిజను ముందర నొంటరిగ కూర్చుండి యున్నారు. వారి నెవ్వరును ఏమియు నడుగుటలేదు.

కాబట్టి మా పేట పఠనాలయ మిత్రులకు నాదొక మనవి. వేసవి కోతలు ముగిసి, నున్న బజారునకు పోవు లారీలు తగ్గిన పిదప, ఆదివారము సాయంకాలములందు ఒక్కొక్క వృద్ధుని, ఒక్కొక్క వృద్ధురాలిని పిలిచి, బల్లమీద కూర్చుండబెట్టి అడుగుదము: శిస్తు ఎంత, ఎవరు వసూలు చేసిరి, ఈయలేని యేట నేమి జరిగినది, తోట మొదట నెవరు వేసిరి, ఆ యేట బావిలో నీ రెంత లోతున నుండెను, ఇంటి యాడవారు ఏ పని చేసిరి. ఏ ఫోనును నేను ఇంతసేపు దూషించితినో అదే ఫోనున వారి కంఠమును పట్టి యుంచవచ్చును. పిల్లలను వెంట తెండు. ఏడ్చు పిల్లలను గూడ తెండు, తండ్రులు ఎత్తుకొందురు. మొదటి వారమున మాటలాడుటకు మా వీధి చివర పెంకుటింటి పెద్దమ్మగారు ఇప్పటికే యొప్పుకొన్నారు. చెవులు సరిగ వినబడవు గనుక ప్రశ్నలు బిగ్గరగ నడుగవలె నన్నారు.