‘కష్టపడేవాణ్ణి’ అంటే ఉద్యోగం వస్తుందా?

ఇంటర్వ్యూలో ‘మీ బలం ఏమిటి?’ అని అడిగారనుకోండి. ‘ఐ యూజ్డ్ టు వర్క్ హార్డ్’ అని మీరు ధీమాగా చెప్పారు. కష్టపడటం నాకు అలవాటు అన్నది మీ ఉద్దేశం. ఎదుటివాళ్లకు అర్థమైంది మాత్రం ‘ఒకప్పుడు కష్టపడేవాణ్ణి’ అని. అంటే ఇప్పుడు మానేశారన్నమాట! వాక్యంలో గ్రామర్ తప్పేమీ లేదు. అర్థమే తలకిందులైంది.

తెలివి తక్కువై ఎవరూ ఈ పొరపాటు చేయరు. బట్టీ పట్టడం వల్ల వస్తుంది. ‘యూజ్డ్ టు అంటే అలవాటు’ అని నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసుకుని, అలవాటు అనిపించిన ప్రతిచోటా దాన్ని అతికించేస్తాం. నిజానికి అది మూడు వేర్వేరు పనులు చేస్తుంది. ఆ మూడింటికీ తెలుగులో మూడు వేర్వేరు మాటలున్నాయి. మీకు బాగా వచ్చిన తెలుగుతోనే సరిచూసుకోండి, తప్పు దొర్లదు.

మొదటిది, తెలుగులో ‘వెళ్లేవాణ్ణి, వెళ్లేదాన్ని, ఉండేది’ అనే చోట. ఒకప్పుడు జరిగేది, ఇప్పుడు లేదు. చిన్నప్పుడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవలో వెళ్లేవాళ్లం అనాలంటే ‘వియ్ యూజ్డ్ టు గో బై బోట్’. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెంలో విమానాలు దిగేవి. ‘ప్లేన్స్ యూజ్డ్ టు ల్యాండ్ హియర్’ అనొచ్చు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా పశ్చిమగోదావరి జిల్లా కేంద్రం ఏలూరు. ఇప్పుడు ఆ జిల్లాకు కేంద్రం భీమవరం, ఏలూరు మరో జిల్లా అయింది. కాబట్టి ‘ఏలూరు యూజ్డ్ టు బీ ది హెడ్‌క్వార్టర్స్ ఆఫ్ వెస్ట్ గోదావరి’ అన్నది నూటికి నూరుపాళ్లు సరైన వాక్యం. పరీక్ష చాలా తేలిక. మీ వాక్యం చివర ‘ఇప్పుడు అలా లేదు’ అని చేర్చి చూడండి. అతికితే సరే. అతకకపోతే యూజ్డ్ టు వద్దు. రోజూ అయిదింటికి లేస్తారా? ‘ఐ గెటప్ ఎట్ ఫైవ్’ అనండి, చాలు. కష్టపడతారా? ‘ఐ వర్క్ హార్డ్’. అంతే!

రెండోది, నిజంగానే ‘అలవాటు’. దీనికి ముందు ‘యామ్, ఈజ్, ఆర్’ లాంటి మాట ఉండి తీరాలి. వెనకాల పేరో, ‘ఇంగ్’ చేర్చిన క్రియో రావాలి. ‘నైట్ షిఫ్ట్ చేయగలరా?’ అని అడిగితే ‘ఐయామ్ యూజ్డ్ టు వర్క్’ అనకండి, ‘ఐయామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అనండి. ఇంకా అలవాటు కాలేదు, పడుతున్నారు అంటే ‘గెట్’ వాడండి. తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చింది. వేరే రాష్ట్రాల పిల్లలు కూడా అక్కడ చదువుతున్నారు. మన ఎండకీ, ఆవకాయ కారానికీ వాళ్లు అలవాటు పడాలి కదా! ‘దే ఆర్ గెటింగ్ యూజ్డ్ టు ది హీట్’ అంటాం. రేపు మీరు హైదరాబాదో, పుణెనో వెళ్తే మీ గురించీ ఇదే వాక్యం.

మూడోది, ‘వాడతారు’. చేపలు పట్టడానికి వల వాడతారు: ‘ఎ నెట్ ఈజ్ యూజ్డ్ టు క్యాచ్ ఫిష్’. ఇందులో అలవాటూ లేదు, గతమూ లేదు. పలకడంలోనూ తేడా ఉంది. వాడటం అనే అర్థంలో ‘యూజ్డ్’ అని ‘జ’ వినిపిస్తుంది. మొదటి రెండింటిలో దాదాపు ‘యూస్టు’ అని ఒకే మాటలా కలిసిపోతుంది. ఇంగ్లిష్ వార్తలు వినేటప్పుడు చెవి పెట్టండి, మీకే తెలుస్తుంది.

ఇంత చిన్న మాట గురించి ఇంత చెప్పాలా అంటారా? కొల్లేటి లంక గ్రామం నుంచి ఇంటర్వ్యూకు వెళ్లిన అభ్యర్థిని తీసుకోండి. ‘ఇంటి గురించి చెప్పండి’ అన్నారు. ‘మై ఫాదర్ యూజ్డ్ టు డూ ఫిష్ కల్చర్’ అన్నారు. నాన్న ఇప్పటికీ చెరువు చేస్తుంటే ఆ మాట తప్పు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’లో చెరువు గట్లు కొట్టేశాక ఆ పని పోయిన ఇంటికైతే అదే మాట అక్షరాలా నిజం. దాని తర్వాత ‘మరి ఇప్పుడేం చేస్తున్నారు?’ అన్న ప్రశ్న వస్తుంది. అక్కడ మీ దగ్గర చెప్పడానికి చాలా ఉంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, అయిదో కాంటూరు లోపల చెరువులు ఉండకూడదన్నారు. ఆటపాకకు వచ్చే గూడబాతుల దగ్గర్నుంచి ఉప్పుటేరు దాకా, ఆ గదిలో అందరికంటే మీకే ఎక్కువ తెలుసు. అంత తెలిసిన మనిషి ‘చేసేవారు’కీ ‘చేస్తారు’కీ తేడా చెప్పలేక ఆగిపోకూడదు.

కాలేజీలు కూడా ఆలోచించాలి. వంద ఫ్రేజులు జిరాక్స్ తీసి పంచి ‘చదువుకోండి’ అంటే స్పోకెన్ ఇంగ్లిష్ రాదు. వారానికి ఒక్క ఫ్రేజు చాలు. దాన్ని తమ ఊరి గురించీ, ఇంటి గురించీ పిల్లల చేత పలికించాలి. తప్పు చెబితే నవ్వకుండా సరిదిద్దాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇందులో వెనకబడరు. ‘వెళ్లేవాణ్ణి’కీ ‘వెళ్తుంటాను’కీ తేడా వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ రాత్రి మూడు వాక్యాలు రాయండి. ఒకప్పుడు చేసి మానేసిన పని ఒకటి. ఇప్పుడు మీకు బాగా అలవాటైనది ఒకటి. మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువును దేనికి వాడతారో ఒకటి. రాసి ఊరుకోకండి. ఫ్రెండ్‌కు ఫోన్ చేసి పైకి చెప్పండి. ఆ ఫ్రెండ్ అదే మాటను తెలుగులో తిరిగి చెప్పగలిగితే, ఇంటర్వ్యూ గదిలోనూ మీరు అనుకున్నదే వాళ్లకు అర్థమవుతుంది.