జాగిలాలకు పతకాలు సరే, ముసలితనం సంగతేంటి?

కర్రెగుట్టల ఆపరేషన్ అనగానే మనకు గుర్తొచ్చేది మృతుల లెక్క. 2025 ఏప్రిల్, మే నెలల్లో 21 రోజులు సాగిన ఆ కూంబింగ్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారని బలగాలు ప్రకటించాయి. అదే కొండల్లో సీఆర్పీఎఫ్ జాగిలం రోలో కూడా చనిపోయిందన్న వార్త మాత్రం మే మధ్యలో గానీ బయటికి రాలేదు.

రోలో రెండేళ్ల ఆడ జాగిలం, బెల్జియన్ మాలినోయిస్ జాతి. తూటా తగల్లేదు, మందుపాతర పేలలేదు. ఏప్రిల్ 27న గాలింపు మధ్యలో తేనెటీగల గుంపు మీద పడింది. హ్యాండ్లర్ పాలిథిన్ షీటు కప్పి కాపాడబోతే ఈగలు దాని లోపలికీ దూరాయి. దాదాపు 200 కాట్లు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. డీజీ ప్రశంసా పతకం మరణానంతరం ఇచ్చారు.

అసలు కుక్కను ముందు నడిపించేది ఎందుకు? లోహం తక్కువగా వాడి, ప్లాస్టిక్ డబ్బాల్లో పాతిపెట్టిన మందును మెటల్ డిటెక్టర్ పట్టుకోవడం కష్టం. జాగిలం వాసన పట్టి అక్కడే కూర్చుంటుంది. వెనకున్న జవాన్లంతా దాని ముక్కును నమ్మి అడుగేస్తారు. అంటే ప్రమాదం ముందుగా ఎదురయ్యేది దానికే.

సైన్యం ఈ మరణాలను చిన్నచూపు చూడటం లేదు. 2022లో బారాముల్లాలో చనిపోయిన యాక్సెల్‌కు ‘మెన్షన్ ఇన్ డిస్పాచెస్’ దక్కింది. అదే ఏడాది అక్టోబర్‌లో అనంతనాగ్‌లో తూటాలు తిన్న జూమ్‌కు, 2023లో రాజౌరీలో హ్యాండ్లర్‌ను కాపాడుతూ నేలకొరిగిన కెంట్‌కు సైనికులు పూలు పెట్టి సెల్యూట్ చేశారు. 1993 ముంబై పేలుళ్లప్పుడు వేల కిలోల ఆర్డీఎక్స్ పట్టించిన జంజీర్‌కు 2000లో పోలీసు లాంఛనాలతోనే అంత్యక్రియలు జరిగాయి.

ఇవన్నీ పేరు తెచ్చుకున్నవి. మిగతావాటి మాటేమిటి? కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతున్నాయంటే గ్యాలరీలు నిండకముందే తనిఖీలు జరగాలి. మన ఉప్పల్ స్టేడియమైనా, తిరుమల బ్రహ్మోత్సవాలైనా అంతే. ఇలాంటి చోట్ల జాగిలం ఏళ్ల తరబడి తిరుగుతుంది, చాలాసార్లు ఏమీ దొరకదు. దొరకలేదు కాబట్టి వార్తా లేదు, పతకమూ లేదు. ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో కీళ్లు పట్టేసి, చూపు మందగించి డ్యూటీ దిగుతుంది.

అప్పుడేం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. పనికిరాని జాగిలాలకు ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తున్నట్లు 2015లో సమాచార హక్కు దరఖాస్తుకు సైన్యం ఇచ్చిన జవాబుతో తెలిసి, జనం మండిపడ్డారు. ఆ తర్వాత దత్తత పద్ధతి వచ్చింది. 2019 నవంబర్‌లో ఢిల్లీ మెట్రోలో సీఐఎస్ఎఫ్ ఏడు జాగిలాలకు వీడ్కోలు సభ పెట్టి మరీ స్వచ్ఛంద సంస్థకు అప్పగించింది. మంచిదే. కానీ దత్తత అనేది ఎవరో ఒకరి దయ మీద ఆధారపడిన ఏర్పాటు. ముసలి లాబ్రడార్ తిండికి, కీళ్ల మందులకు, స్కానింగులకు నెలనెలా అయ్యే ఖర్చు కానిస్టేబుల్ జీతంలోంచి తీయాలంటే ఎలా? ఏళ్ల తరబడి తన వెంట నడిచిన జాగిలాన్ని ఇంటికి తీసుకెళ్లాలని ఏ హ్యాండ్లర్‌కు ఉండదు! వెనకాడేది డబ్బు దగ్గరే.

డాగ్ స్క్వాడ్ బడ్జెట్‌లోనే రిటైరైన జాగిలాలకు తిండి, వైద్యం పద్దు ఒకటి చేర్చి, దత్తత తీసుకునే తొలి హక్కు హ్యాండ్లర్‌కే ఇస్తే సరిపోతుంది. ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచిత చికిత్సకు ఒక్క జీవో చాలు. సమాధి కట్టడం కన్నా ఇది చవకే. ఉభయ తెలుగు రాష్ట్రాల హోం శాఖలు దీనికి కేంద్రం వైపు చూడాల్సిన పని కూడా లేదు.