ప్రసూతి గదిలో పరాయి భాష

ప్రసూతి ఆసుపత్రి సామర్థ్యాన్ని పడకల సంఖ్యతోనూ, కాన్పుల లెక్కతోనూ కొలవడం మన పాలకులకు చిరకాలంగా అలవాటు. ఆ కొలమానం ప్రకారం దేశం ముందడుగు వేసిన మాట కాదనలేనిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం, గుజరాత్‌లో 94.3 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. గర్భిణి చేత ఆసుపత్రి గడప తొక్కించే పని చాలా వరకు పూర్తయిందన్న మాట. ఆ గడప లోపల ఆమెకు తోడు ఎవరు, జరుగుతున్నదేమిటో ఆమెకు బోధపరిచేది ఎవరు అన్న ప్రశ్నలకు మాత్రం సంతృప్తికరమైన సమాధానం ఇంకా దొరకవలసి ఉంది. పొట్టచేత పట్టుకొని పరాయి రాష్ట్రం చేరిన కుటుంబాల విషయంలో ఈ ప్రశ్నలు మరింత తీవ్రమైనవి.

సూరత్ శివారులోని వడోద్‌నే తీసుకుందాం. పాండేసరా పారిశ్రామిక వాడకు చేరువలో ఉన్న ఈ ప్రాంతం మరమగ్గాల మీద, బట్టల అద్దకం మిల్లుల మీద ఆధారపడిన వలస కార్మికులకు ఆశ్రయం. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన శ్రామికులతో ఈ నగరపు శివార్లు నిండిపోయాయి. తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సూరత్‌లోనే సాంచెలు నడుపుతున్నాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. పన్నెండు గంటల షిఫ్టులో, నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునే భర్త రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుంటే ఆ రెండు రోజులూ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. అమ్మా, అత్తా వందల మైళ్ల దూరంలో ఉంటారు. ఇక నొప్పులు పడుతున్న ఇల్లాలికి తోడుగా వెళ్లేది పక్క గదిలో కాపురముండే మరో కార్మికుని భార్యే. ఆమెను లోపలికి రానిస్తారా లేదా అన్నది ఆనాటి డ్యూటీ సిబ్బంది దయాదాక్షిణ్యాల మీద ఆధారపడరాదు.

తోడు అన్నది కేవలం ఓదార్పు కోసం కాదు. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనాలను 2017లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. కాన్పు ఆసాంతం పక్కన ఒక మనిషి ఉన్నచోట సహజ ప్రసవాలు పెరిగాయని, నొప్పుల వ్యవధి తగ్గిందని, సిజేరియన్ల అవసరమూ తగ్గిందని తేల్చింది. ఖర్చు లేని ఇటువంటి వైద్యం మరొకటి ఉన్నదా? అంతకు ఏడాది ముందే, 2016లో, ప్రభుత్వాసుపత్రుల ప్రసూతి గదుల్లో ఒక స్త్రీని తోడుగా అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు సూచించింది. 2017 చివర వచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం ప్రసూతి గదుల నాణ్యతా ప్రమాణాలలో దానిని చేర్చింది. ఒకే గదిలో పలు బల్లలు, మధ్య తెర కూడా లేని చోట తోడుగా వచ్చినవారిని నిలబెట్టడం ఇతర స్త్రీల మరుగుకు భంగమన్న సిబ్బంది అభ్యంతరంలో సబబు లేకపోలేదు. అయితే తెరలు కట్టించడం అసాధ్యమైన పనేమీ కాదు.

భాష సంగతి మరీ ముఖ్యమైనది. సూరత్ నగరపాలక సంస్థ ఒక విషయంలో దేశానికే ఆదర్శం. గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ అది పాఠశాలలు నడుపుతోంది. వలస వచ్చినవారి బిడ్డలు మాతృభాషలో అక్షరాలు దిద్దాలన్న సదుద్దేశానికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు. అదే సంస్థ సొంతంగా వైద్య కళాశాలను, స్మిమేర్ ఆసుపత్రిని కూడా నిర్వహిస్తోంది. అయిదారేళ్ల బిడ్డకు తెలుగులో పాఠం చెప్పించగలిగిన సంస్థ, ఆ బిడ్డ భూమి మీద పడే వేళ తల్లికి ఆమె భాషలో నాలుగు మాటలు చెప్పించలేదా? రక్తస్రావం ఎంత మేరకు సహజమో, ఎప్పుడు ప్రమాద సూచనో, శస్త్రచికిత్సకు అంగీకారపత్రంపై వేలిముద్ర వేయించుకుంటున్నది ఎందుకో అర్థం కాని భాషలో చెప్పడం చెప్పకపోవడంతో సమానం. అర్థం కాని కాగితంపై పడిన వేలిముద్రను అంగీకారమని పిలవడం న్యాయం కాదు.

హక్కులకు కొదవ లేదు. 2011 జూన్‌లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్‌తో సహా, పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం ఉచితమే. సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఇంటి నుంచి తీసుకురావడమూ, తిరిగి ఇంటి వద్ద దించడమూ ప్రభుత్వ బాధ్యతే. జబ్బుపడిన నవజాత శిశువులకు 30 రోజుల వరకు ఉన్న ఉచిత చికిత్సను అనంతరం ఏడాది వయసు వరకు పొడిగించారు. ఇన్ని ఉన్నాయని తెలిస్తే కదా అడిగేది!

డబ్బు కేటాయించినంత మాత్రాన పేదలకు ఊరట దక్కదని గుజరాత్ అనుభవమే చెబుతోంది. 2005 డిసెంబరులో అయిదు జిల్లాల్లో మొదలైన ‘చిరంజీవి’ పథకం కింద పేద కుటుంబాల కాన్పులకు ప్రైవేటు వైద్యులకు ప్రభుత్వమే రుసుము చెల్లించింది. ఎంతో కీర్తి గడించిన ఆ పథకం వల్ల ఆసుపత్రి కాన్పులు గానీ, కుటుంబాల ప్రసవ వ్యయం గానీ చెప్పుకోదగినంతగా మారలేదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

కాన్పుకు పుట్టింటికి రావడం మన ఆచారం. సూరత్‌ను వరంగల్‌తో కలిపే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఇంచుమించు పూర్తి రోజు ప్రయాణం చేసి వచ్చే నిండు చూలాలి చేతిలో ఉండేది గుజరాతీ అక్షరాల కార్డు. అందులోని రక్తహీనత వివరాలను ఇక్కడి నర్సు చదవలేకపోతే పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. పైగా స్వస్థలం చేరినంత మాత్రాన చిక్కులు తీరవు. పైన పేర్కొన్న సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కత్తికోతలే. గుజరాత్‌లో అవి 21 శాతం. ఈ అంకెను చూసి సిగ్గుపడవలసింది మనమే. మాతృ మరణాల నివారణలో మాత్రం, 2018-20 లెక్కల ప్రకారం, లక్ష సజీవ జననాలకు 43తో తెలంగాణ, 45తో ఆంధ్రప్రదేశ్, 57 నమోదైన గుజరాత్ కంటే మెరుగ్గా ఉన్నాయి. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవలసింది ఉన్నదన్న మాట.

నవజాత శిశువుల విషయంలోనూ పాత పద్ధతులకు స్వస్తి చెప్పవలసి ఉంది. బరువు తక్కువతో పుట్టిన బిడ్డను గాజుగదిలో పెట్టి, తల్లిని వేరే వార్డులో ఉంచడమే వైద్యమని ఇన్నాళ్లు భావించారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల్లో మూడు వేల మందికి పైగా శిశువులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే బిడ్డను తల్లి గుండెలకు హత్తుకొని ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయని అవి నిరూపించాయి. అంటే బిడ్డ మంచం పక్కనే తల్లికీ మంచం వేయాలి; బాలింతకు అన్నం, స్నానం, మందు అక్కడే అందాలి. తల్లిని చూడవచ్చిన చుట్టంగా కాక చికిత్సలో భాగంగా పరిగణించే ఏర్పాటు ఇది.

వడోద్ వంటి శివారు వాడల స్త్రీలు వచ్చే ప్రతి ప్రసూతి ఆసుపత్రిలోనూ ఓపీ చీటీ రాసే చోటనే తెలుగు, ఒడియా, మరాఠీ, హిందీ తెలిసిన సహాయకులు రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. ఆ భాషల్లో చదువుకున్న యువతులు నగరపాలక సంస్థ పాఠశాలల నుంచే ఏటా బయటికి వస్తున్నారు. కొద్దిపాటి శిక్షణతో వారిని షిఫ్టుల వారీగా నియమించవచ్చు. ఉచిత సేవల జాబితాను ఆయా భాషల్లో వార్డు గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. చదువురాని వారికి నోటితో చెప్పించాలి. తల్లీబిడ్డల కార్డులో రక్తహీనత, రక్తపోటు, టీకాల వివరాలున్న పుటనైనా రెండు భాషల్లో ముద్రించేందుకు గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖలు వెంటనే సంప్రదింపులు జరపాలి. నగరపాలక సంస్థ సహాయకుల జీతాలకు వచ్చే బడ్జెట్‌లోనే ఒక పద్దు తెరవాలి.