లోడు మోయని సోకులకు అప్పెందుకు?

పికప్ కొనబోతే షోరూములో మొదట చూపించేది టాప్ మోడలే. బేస్ మోడల్ అడిగితే "స్టాక్ లేదన్నా, మూడు నెలలు ఆగాలి, ఇదైతే రేపే డెలివరీ" అంటారు. పంట కోతకొచ్చినవాడు ఆగగలడా? జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందిగా, ఆ మిగులుతో పైది తీసుకోమంటారు. మనకు తగ్గింది వాళ్ల జేబులోకే పోవాలన్నమాట!

లెక్క చూద్దాం. పై మోడల్ 80 వేలు ఎక్కువనుకోండి. 12 శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే నెలకు దాదాపు 1,780 రూపాయలు, మొత్తం లక్షా 7 వేల దాకా తేలుతుంది. బండి విలువను బట్టి ఇన్సూరెన్సూ పెరుగుతుంది. ఇంతా చేసి మదనపల్లె మార్కెట్టుకు ఒక్క టమాటా పెట్టె అదనంగా వెళ్తుందా? టచ్ స్క్రీను, క్రోమ్, స్టిక్కర్లు బరువు మోయవు. మోసేవి ఇంజను, కమాన్ కట్టలు, టైర్లు. డబ్బు పెట్టాలంటే టన్నేజీ మీద, బాడీ పొడవు మీద పెట్టాలి.

ఏసీ సంగతి వేరు. దాన్ని సోకు అనేవాళ్లు మే నెలలో ఒకసారి కేబిన్‌లో కూర్చోవాలి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన లారీలకు కేంద్రం కేబిన్ ఏసీ తప్పనిసరి చేసింది. పికప్పులను వదిలేసింది. చిన్న బండి డ్రైవరుకు చెమట పట్టదా? ఆ సందులోనే ఏసీ కావాలంటే అక్కర్లేనివన్నీ కలిపి అంటగడుతున్నారు. బేస్ మోడల్లోనే ఏసీ ఇవ్వాలని మనం అడగాలి.

అడ్వాన్సు కట్టేముందు బండి ధర, టాక్సు, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు విడివిడిగా రాయించుకోండి. ఇన్సూరెన్సు అక్కడే చేయించాలన్న నిబంధన లేదు. బేస్ మోడల్ లేదంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.